ఫీజు కట్టే ముందు మూడు వారాలు

తార్నాకలో మెట్రో ఎక్కితే ఆ రైలు అమీర్‌పేటలో ఆగుతుంది. దిగకుండా కూర్చుంటే అదే రైలు హైటెక్ సిటీ దాకా తీసుకెళ్తుంది. నాగోలు నుంచి అమీర్‌పేట వరకు మార్గం 2017 నవంబరులో మొదలైంది. 2019 మార్చిలో దాన్ని హైటెక్ సిటీ వరకు పొడిగించారు. రామంతాపూర్, హబ్సిగూడ, తార్నాక గదుల్లో ఉంటున్న విద్యార్థులకు సాఫ్ట్‌వేర్ కోర్సు చెప్పే చోటుకూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇచ్చే చోటుకూ మధ్య దూరం మెట్రో మ్యాపులో ఎనిమిది స్టేషన్లే. ఆ ఎనిమిది స్టేషన్లు దాటడానికి కొందరికి ఆరు నెలలు పడుతోంది, కొందరికి మూడేళ్లు. కొందరు అమీర్‌పేటలోనే డబ్బులన్నీ ఖర్చు పెట్టుకుని వెనక్కి తిరిగి ఊరి బస్సు ఎక్కుతున్నారు.

ఈ తేడా తెలివితేటల వల్లే వచ్చిందనుకుంటే పొరపాటు. చాలాసార్లు అది ఫీజు కట్టే ముందు చేసిన పని వల్ల, లేదా చేయని పని వల్ల వస్తుంది.

ఈ మాట ముఖ్యంగా కంప్యూటర్ సైన్స్ చదవని వారికి. ఉస్మానియా క్యాంపస్‌లో ఎంఏ, ఎమ్మెస్సీ చేసి లైబ్రరీలో గ్రూప్స్‌కు కూర్చున్నవారు చాలామంది ఉన్నారు. వాళ్లు ఏమేం చూశారో గుర్తు చేసుకోండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చేసరికి దాదాపు రెండేళ్లు కరిగిపోయాయి. ఆ రెండేళ్లలో ఎంతోమంది మనసులో ఒకే మాట తిరిగింది: ‘ఇదంతా వద్దు, సాఫ్ట్‌వేర్‌కు పోదాం.’

బీకాం చేసి చిన్న ఆఫీసులో అకౌంట్లు రాస్తున్నవారు, మెకానికల్ పూర్తిచేసి షాపు ఫ్లోర్ జీతంతో సరిపెట్టుకుంటున్నవారు, రామంతాపూర్ ప్రభుత్వ పాలిటెక్నిక్ నుంచి డిప్లొమాతో బయటికి వచ్చినవారు, బీఫార్మసీ తర్వాత ఏం చేయాలో తోచనివారు కూడా ఇదే అనుకుంటున్నారు. ఇంటి నుంచి ఫోన్ వస్తే, ‘ఇంకెన్ని రోజులు చదువుతవు బిడ్డా?’ అన్న ప్రశ్నే. ఆడపిల్లలకైతే ఇంకో గడువు కూడా ఉంటుంది: ‘ఒక్క ఏడాది చూస్తం, తర్వాత సంబంధాలు చూస్తం.’ అంటే మీ చేతిలో ఉన్నది ఒక్క అవకాశమే కావచ్చు. అందుకే దాన్ని ఏ కోర్సు మీద పెడుతున్నారో తెలిసి పెట్టాలి.

మారడం తప్పు కాదు. ఏ ఉద్యోగంలోకి మారుతున్నారో తెలియకుండా కోర్సులో చేరడమే తప్పు. శిక్షణ ఎంచుకునే ముందు మూడు వారాలు పరిశోధనకు కేటాయించండి. ఆరు నెలలు, లక్షన్నర రూపాయలు పెట్టబోతున్న వ్యవహారానికి మూడు వారాలు ఎక్కువేమీ కాదు.

బోర్డు మారినప్పుడల్లా పరుగు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డులను పాతికేళ్లుగా గమనిస్తే ఒక చరిత్ర కనిపిస్తుంది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో బోర్డుల మీద మెయిన్‌ఫ్రేమ్స్, కోబాల్. పాత కంప్యూటర్లు 2000 సంవత్సరాన్ని సరిగా గుర్తించలేవన్న ‘వైటూకే’ సమస్యను సరిచేయడానికి ఆ నైపుణ్యం కావలసి వచ్చింది. 2000 వచ్చింది, వెళ్లింది. ఆ మరమ్మతు పనీ దాదాపు అయిపోయింది. 2001 నాటికి అమెరికాలో డాట్‌కామ్ బుడగ పగిలింది. అప్పుడే కోర్సు పూర్తిచేసి బయటికొచ్చినవారి పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

తర్వాత జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్, డెవాప్స్ వచ్చాయి. ఇప్పుడు ఫుల్ స్టాక్, డేటా సైన్స్, జెనరేటివ్ ఏఐ. మధ్యలో 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ కూలింది. 2009 జనవరి 7న మన నగరంలోనే సత్యం కుంభకోణం బయటపడింది. ప్రతిసారీ జరిగేది ఒక్కటే. గిరాకీ మొదలైన తర్వాత బోర్డు వస్తుంది. బోర్డు చూసి గుంపు వస్తుంది. గుంపు కోర్సు ముగించేసరికి గిరాకీ రూపం మారుతుంది.

మన రాష్ట్ర లెక్కలే చూడండి. 2013-14లో తెలంగాణ ఐటీ రంగంలో ఉద్యోగులు సుమారు 3.23 లక్షలు. 2022-23 నాటికి 9.05 లక్షలు దాటారు. ఆ ఒక్క ఏడాదిలోనే కొత్తగా 1.27 లక్షల ఉద్యోగాలు వచ్చాయి. మరుసటి ఏడాది 2023-24లో కొత్తగా చేరినవి సుమారు 40 వేలు. రంగం పెరిగింది, కానీ కొత్త కుర్చీలు మూడో వంతుకు తగ్గాయి. 1.27 లక్షల వార్త చూసి కోర్సులో చేరినవారు ఉద్యోగం వెతుక్కున్నది 40 వేల ఏడాదిలో. 2023 ఫిబ్రవరిలో విప్రో సంస్థ 6.5 లక్షల వార్షిక జీతంతో ఎంపిక చేసిన కొత్తవారిని 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది కూడా. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నవారి పరిస్థితే అది.

దీన్నిబట్టి ఐటీలో ఉద్యోగాలు లేవని అర్థం కాదు. నిన్నటి వార్తతో రేపటి కోర్సు ఎంచుకోకూడదని అర్థం. ఇవాళ మార్కెట్ ఏం అడుగుతోందో మీరే స్వయంగా చూడాలి.

‘ఐటీ’ అనేది ఉద్యోగం పేరు కాదు

‘ఐటీలోకి పోత’ అనడం ‘ఆసుపత్రిలో పనిచేస్త’ అన్నట్టుంటుంది. ఆసుపత్రిలో డాక్టర్ ఉంటారు, నర్సు ఉంటారు, ల్యాబ్ టెక్నీషియన్ ఉంటారు, బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చునేవారు ఉంటారు. అందరూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్తారు, పనులు వేరు, చదువులు వేరు, జీతాలు వేరు. ఐటీలో కూడా కోడ్ రాసేవారు, దాన్ని పరీక్షించేవారు, సర్వర్లు చూసుకునేవారు, రాత్రి షిఫ్టులో కస్టమర్ సమస్యలు తీర్చేవారు, డేటా నుంచి రిపోర్టులు తయారుచేసేవారు, కంపెనీ అవసరాన్ని ప్రోగ్రామర్లకు అర్థమయ్యేలా రాసిపెట్టేవారు ఉంటారు. వాయిస్ ప్రాసెస్, బ్యాక్ ఆఫీస్ పనులు కూడా అదే భవనాల్లో నడుస్తాయి. వాటిని ఐటీ ఆధారిత సేవలు అంటారు. అవి చిన్న పనులేం కావు. కానీ డెవలపర్ అవుదామనుకుని చేరి, అక్కడ తేలితే మాత్రం నిరాశ తప్పదు.

ఇక్కడ కంప్యూటర్ సైన్స్ చదవనివారు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. తమ పాత చదువు దండగైపోయిందనుకుంటారు. రెజ్యూమెలో దాన్ని ఓ మూలకు నెట్టి, ‘ఫుల్ స్టాక్ డెవలపర్’ అని పైన పెద్దక్షరాలతో రాసుకుంటారు. అప్పుడు పోటీ ఎవరితో? నాలుగేళ్లు అదే చదివిన బీటెక్ కంప్యూటర్ సైన్స్ వాళ్లతో. వాళ్ల మైదానంలో వాళ్లతో ఆడటం కంటే మీ చదువు పనికొచ్చే మైదానం ఎక్కడుందో వెతకడం మేలు.

బీకాం వారికి డెబిట్, క్రెడిట్, జీఎస్టీ తెలుసు. శాప్‌లో ఫైనాన్స్ మాడ్యూల్, బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఫైనాన్స్ డేటా రిపోర్టుల్లో ఆ జ్ఞానానికి విలువుంది. బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్ వారికి క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసి విశ్లేషించే ఫార్మకోవిజిలెన్స్ ఉన్నాయి. మెకానికల్ వారికి డిజైన్ సాఫ్ట్‌వేర్ల వైపు దారుంది. జాగ్రఫీ చదివినవారికి జీఐఎస్ మ్యాపింగ్ ఉంది. స్టాటిస్టిక్స్, గణితం వారికి డేటా విశ్లేషణ సొంత ఇల్లు లాంటిది. తెలుగు, ఇంగ్లిష్, భాషాశాస్త్రం చదివినవారికి సాఫ్ట్‌వేర్లను స్థానిక భాషలోకి తెచ్చే లోకలైజేషన్, భాషా డేటా పనులు ఉన్నాయి. ఇవన్నీ అందరికీ దొరుకుతాయని కాదు. కానీ పాత చదువును వంతెనగా వాడుకుంటే ఇంటర్వ్యూలో ‘మీరు ఈ రంగంలోకి ఎందుకు వస్తున్నారు?’ అన్న ప్రశ్నకు మీ దగ్గర నిజమైన జవాబు ఉంటుంది.

మొదటి వారం: ముప్పై ప్రకటనలు

ఒక నోట్‌బుక్ తీసుకోండి. మీరు అనుకుంటున్న ఒకటి రెండు ఉద్యోగాల పేర్లు రాసుకోండి. నౌకరీ, లింక్డ్‌ఇన్, కంపెనీల సొంత కెరీర్ పేజీలు, రాష్ట్ర ప్రభుత్వ డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ ‘డీట్’ చూసి, హైదరాబాద్‌లో ఉన్న ముప్పై ఉద్యోగ ప్రకటనలు చదవండి. ప్రతిదానికీ ఐదు గడులు నింపండి: ఏ డిగ్రీ అడిగారు, ఎన్నేళ్ల అనుభవం, ఏ నైపుణ్యాలు, ఏ షిఫ్ట్, జీతం చెప్పారా లేదా.

ముప్పై పూర్తయ్యేసరికి మీకు కౌన్సెలర్ చెప్పని విషయాలు తెలుస్తాయి. ఉదాహరణకు డెవాప్స్ అని ముప్పై ప్రకటనలు చూస్తే, అందులో పాతిక మూడేళ్ల పైన అనుభవం అడుగుతున్నాయని తేలిందనుకోండి. అంటే అది కొత్తవాళ్లు నేరుగా దూరే తలుపు కాదు. ముందు ఇంకో ఉద్యోగంలో చేరి, అక్కడి నుంచి మారాల్సిన మెట్టు. అలాగే ఏ పదం మళ్లీమళ్లీ కనిపిస్తోందో గీత పెట్టుకోండి. కోర్సు సిలబస్‌లో ఇరవై అంశాలు ఉండి, ప్రకటనలు మాత్రం ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, ఇంగ్లిష్‌లో రాయడం అడుగుతుంటే, మీరు నేర్చుకోవాల్సింది ఏమిటో అర్థమైపోతుంది.

ఇదే వారంలో అర్హతల సంగతీ తేల్చుకోవాలి. పెద్ద సర్వీస్ కంపెనీల్లో చాలావరకు కొత్తవారి ఎంపికకు పాసైన సంవత్సరం, మార్కుల శాతం, బ్యాక్‌లాగ్‌లు, చదువులో గ్యాప్ వంటి షరతులు పెడతాయి. ఎంత బాగా కోడ్ రాసినా ఆ గేటు దగ్గరే ఆగిపోవచ్చు. మీకు మూడేళ్ల గ్యాప్ ఉంటే ఆ కంపెనీలను లక్ష్యంగా పెట్టుకుని కోర్సు చేయడం వృథా. చిన్న, మధ్యస్థాయి కంపెనీల వైపు చూడాలి. అదే మీరు ఇంకా బీఎస్సీ, బీసీఏ చివరి సంవత్సరంలో ఉంటే, విప్రో ‘విల్ప్’ లాంటి పథకాలు ఆ డిగ్రీల వారి కోసమే ఉన్నాయి. ఉద్యోగం చేస్తూనే పీజీ చదివే వీలు అందులో ఉంటుంది. కాలేజీ దాటి వెళ్లిపోయాక ఆ తలుపు మూసుకుంటుంది. అందుకే చివరి సంవత్సరంలో ఉన్నవారు ఇవాళే చూసుకోవాలి.

రెండో వారం: ముగ్గురు మనుషులు

ప్రకటన కంపెనీకి ఏం కావాలో చెబుతుంది. ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో మాత్రం చేసే మనిషే చెప్పాలి. కనీసం ముగ్గురితో మాట్లాడండి. ఒకరు రెండేళ్లలోపు చేరినవారు, ఒకరు ఐదారేళ్ల అనుభవం ఉన్నవారు, ఒకరు మీలాగే వేరే చదువు నుంచి మారినవారు అయితే మంచిది.

మనుషులెక్కడ దొరుకుతారని బెంగపడక్కర్లేదు. రామంతాపూర్, ఉప్పల్, హబ్సిగూడ కాలనీల్లో పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయల్దేరేవాళ్లు మీ పక్క ఇంట్లోనే ఉంటారు. అందరూ హైటెక్ సిటీకే పోరు. ఉప్పల్‌లో జెన్‌పాక్ట్, పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్‌లు ఉన్నాయి. ఇంకో మార్గం లింక్డ్‌ఇన్. అందులో ఉస్మానియా విశ్వవిద్యాలయం పేజీ తెరిస్తే పూర్వ విద్యార్థుల విభాగం ఉంటుంది. ఎవరు ఏం చదివారో, ఇప్పుడు ఎక్కడ ఏ పనిలో ఉన్నారో అందులో వెతకొచ్చు. మీ సబ్జెక్టే చదివి ఐటీలో ఉన్న సీనియర్లు కనిపిస్తారు. పది మందికి మర్యాదగా నాలుగు వాక్యాలు రాస్తే ఇద్దరు ముగ్గురైనా జవాబిస్తారు.

అడిగే తీరు ముఖ్యం. ‘అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చూడండి’ అని మొదలుపెడితే మాట అక్కడే ఆగిపోతుంది. ‘అన్నా, నిన్న ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం పనిచేశారు?’ అని అడగండి. ‘మీకు మొదటి ఉద్యోగం ఎలా వచ్చింది? మీ టీమ్‌లో కొత్తవాళ్లను చివరిసారి ఎప్పుడు తీసుకున్నారు? ఇంటర్వ్యూలో వాళ్లు ఎక్కడ తడబడుతున్నారు? మీరే ఇవాళ మొదలుపెట్టాల్సి వస్తే ముందు ఏం నేర్చుకుంటారు?’ అని అడగండి. ‘అక్కా, నైట్ షిఫ్ట్ ఎన్నాళ్లు ఉంటుంది, క్యాబ్ ఇస్తారా, ఇంటి దగ్గర దింపుతారా?’ అని అమ్మాయిలు మొహమాటం లేకుండా అడగాలి. రేపు ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న అదే.

మూడో వారం: పని రుచి చూడండి

ఈత నేర్చుకోవడానికి ఏడాది ఫీజు కట్టే ముందు ఒకసారి నీళ్లలోకి దిగి చూస్తాం కదా. ఇక్కడ కూడా అంతే. పది రోజులు, రోజుకు రెండు గంటలు ఆ పనే చేసి చూడండి. పైసా ఖర్చు లేకుండా దీనికి మార్గాలున్నాయి. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో ప్రోగ్రామింగ్, డేటాబేస్ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ వేదిక 2017 నుంచి ఉంది. రాష్ట్రంలో ‘టీ-శాట్’ పాఠాలు, కాలేజీల ద్వారా ‘టాస్క్’ శిక్షణ ఉన్నాయి.

పాఠాలు చూస్తూ కూర్చుంటే మాత్రం రుచి తెలియదు, చేతులు పెట్టాలి. డెవలపర్ అవుదామనుకుంటే మీ గదిలో నలుగురి ఖర్చులు పంచి, ఎవరు ఎవరికెంత ఇవ్వాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్ రాయండి. టెస్టింగ్ అనుకుంటే మీరు రోజూ వాడే టికెట్ యాప్ ఒకటి తీసుకుని, అది ఎక్కడెక్కడ తప్పు చేయొచ్చో ఇరవై సందర్భాలు రాయండి. డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే? నెట్ మధ్యలో పోతే? ఇద్దరికీ ఒకే టికెట్ వస్తే? డేటా విశ్లేషణ అనుకుంటే తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్ నుంచి మీ జిల్లా లెక్కలు ఏవైనా తీసుకుని, వాటిలోంచి మూడు విషయాలు పట్టుకుని మీ అమ్మకో నాన్నకో అర్థమయ్యేలా చెప్పండి.

పది రోజుల తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోండి. ఎర్రర్ వచ్చి గంటసేపు కదలకపోయినప్పుడు మీకేమనిపించింది? చిరాకు అందరికీ వస్తుంది. చిరాకు పడ్డాక కూడా ‘ఎందుకొచ్చింది?’ అని మళ్లీ కుర్చీలో కూర్చున్నారా, లేక మూసేసి రీల్స్ చూశారా? ఈ ఉద్యోగంలో రోజులో ఎక్కువ భాగం గడిచేది ఆ గంటలోనే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక కోడ్ రాసిపెట్టే సాధనాలు మీ చేతికీ వచ్చాయి, కంపెనీ చేతికీ వచ్చాయి. బట్టీ పట్టి రాసే కోడ్‌కు విలువ పడిపోతోంది. ఎందుకు పనిచేయలేదో కనిపెట్టే ఓపికకు విలువ మిగిలింది.

ఇప్పుడు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కండి

మూడు వారాల తర్వాత మీకు స్వయంగా నేర్చుకోవడమే చాలనిపించవచ్చు. ఎంసీఏ మేలనిపించవచ్చు. అది ఇప్పుడు రెండేళ్ల కోర్సే, ఐసెట్ రాసి చేరొచ్చు. ఇంజినీరింగ్, ఎంసీఏ, కొన్ని ఎమ్మెస్సీ సబ్జెక్టుల వారికి సీ-డాక్ పీజీ డిప్లొమాకు సీ-క్యాట్ ప్రవేశ పరీక్ష ఉంది. లేదా అమీర్‌పేటలో కోర్సే సరైనదని తేలవచ్చు. అమీర్‌పేట వల్ల బాగుపడ్డ కుటుంబాలు తెలుగు నేల మీద ఊరూరా ఉన్నాయి. మంచి టీచర్, తక్కువ ఫీజు, పక్కన చదివే తోటివారు అక్కడ దొరుకుతారు. కొనేవాడికి ఏం కావాలో తెలిసినప్పుడు అది మంచి బజారు.

కనీసం మూడు చోట్ల డెమో క్లాసులు వినండి. డెమో చెప్పినాయనే కోర్సంతా చెబుతారా అని అడగండి. మీ నోట్‌బుక్‌లోని ప్రకటనల నైపుణ్యాలతో సిలబస్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. గత రెండు బ్యాచ్‌లలో ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమందికి ఏ కంపెనీలో ఏ హోదాతో ఉద్యోగం వచ్చిందో అడగండి. వారిలో మీలాంటి డిగ్రీ ఉన్నవారు ఇద్దరితో మాట్లాడించమనండి. మధ్యలో మానేస్తే ఫీజులో ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వడానికి వెనకాడే హామీ హామీ కాదు.

‘వంద శాతం ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అనే మాటను చట్టం కూడా చూస్తోందని గుర్తుంచుకోండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు విడుదల చేసింది. యాభై మందికి పైగా శిక్షణ ఇచ్చే కేంద్రాలకు అవి వర్తిస్తాయి. ఉద్యోగం గురించి అబద్ధపు హామీలు ఇవ్వకూడదు. ఎంపికైన విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో, పేరు వాడకూడదు. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అందుకే రసీదు, కరపత్రం, వాట్సాప్ సందేశం ఏదీ పారేయకండి.

అసలు ఖర్చు, అసలు ఉచ్చు

కోర్సు ఫీజు 40 వేలే అని ఇంట్లో చెబుతారు. ఒకసారి లెక్క వేద్దాం. గది అద్దె, తిండి కలిపి నెలకు 8 వేలనుకుందాం. కోర్సు ఐదు నెలలు, ఆ తర్వాత ఉద్యోగం వెతకడానికి ఆరు నెలలు. పదకొండు నెలలకు 88 వేలు. ల్యాప్‌టాప్ 40 వేలు. మొత్తం లక్షా 68 వేలు. నాన్నకు చెప్పాల్సిన లెక్క ఇది. వెతుకులాట కాలాన్ని లెక్కలో వేసుకోనివారే మూడో నెలలో కంగారుపడి తప్పు దారి పడతారు.

‘జీరో కాస్ట్ ఈఎంఐ’ అంటే మీ పేరుతో ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు అని మరవకండి. ఇన్‌స్టిట్యూట్ మూతపడినా, మీరు మానేసినా కిస్తీ మాత్రం ఆగదు. కట్టకపోతే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా డిపాజిట్ పెట్టకండి.

అన్నింటికన్నా ప్రమాదకరమైంది బ్యాక్‌డోర్ దారి. ‘రెండు లక్షలు కట్టు, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టిస్తం’ అనేవాళ్లు నగరంలో ఉన్నారు. మీ పీఎఫ్ యూఏఎన్ నంబరు తెరిస్తే ఏ కంపెనీలో ఎన్నాళ్లు పనిచేశారో బయటపడుతుంది. కంపెనీలు చేరేముందో, చేరిన తర్వాతో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి. అప్పుడు పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, తర్వాతి కంపెనీకి చెప్పుకునే ముఖం కూడా. డబ్బు తీసుకుని ఉద్యోగమిచ్చేది కంపెనీ కాదు, దుకాణం. కొత్తవాడినని నిజం చెప్పి తక్కువ జీతానికి చేరినవాడు రెండేళ్లకు నిజమైన అనుభవం చేతిలో పెట్టుకుని నిలబడతాడు.

ఇంకెంతకాలం ఆలోచిస్తారు?

‘ఇట్ల లెక్కలేసుకుంట కూసుంటే బ్యాచ్ వెళ్లిపోతది’ అని మీ రూమ్మేట్ అంటాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. పరిశోధన పేరుతో ఏడాది గడిపేవారూ ఉన్నారు. యూట్యూబ్‌లో ‘టాప్ టెన్ కోర్సెస్’ వీడియోలు చూడటం పరిశోధన కాదు, కాలక్షేపం. అందుకే మూడు వారాలని గడువు పెట్టింది. గడువు ముగిసిన రోజు ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాయండి. నేను లక్ష్యంగా పెట్టుకున్న ఉద్యోగం ఇది. దానికి నా దగ్గర ఉన్నవి ఇవి, లేనివి ఇవి. లేనివి నేర్చుకోవడానికి నేను ఎంచుకున్న దారి ఇది. ఇన్ని నెలలు, ఇన్ని రూపాయల్లో ఫలితం రాకపోతే నేను చేసేది ఇది. నాలుగూ రాయగలిగితే ఫీజు కట్టండి, వెనక్కి చూడకుండా కష్టపడండి. బ్యాచ్‌లు ప్రతి నెలా మొదలవుతూనే ఉంటాయి. ఇంట్లో మళ్లీ లక్షన్నర సర్దడం మాత్రం ప్రతి ఏడాదీ కుదరదు.

ఆ నాలుగు వాక్యాలు రాసేటప్పుడు ‘ఇది నాకు సరిపడదు’ అని తేలినా బాధపడకండి. గ్రూప్స్‌లోనే ఉండాలని, టీచింగ్‌కు వెళ్లాలని, చదివిన రంగంలోనే ఇంకో మెట్టు ఎక్కాలని తేలవచ్చు. ఆ సంగతి మూడు వారాల్లో, ఒక నోట్‌బుక్ ఖర్చుతో తెలుసుకున్నవారు ఏమీ పోగొట్టుకోలేదు. అదే సంగతి ఏడాది తర్వాత తెలిస్తే పోయేది మీ కాలమే కాదు, ఇంట్లో మీమీద పెట్టుకున్న నమ్మకం కూడా.

ఇవాళే నోట్‌బుక్ కొనండి. రాత్రికి మొదటి ఐదు ప్రకటనలు రాసుకోండి.